గుడ్‌విల్లులో కలిపేసిన ముప్పై ఒక్క ఏళ్లు

టెక్కలి కార్మిక శాఖ అధికారి గారి సముఖమునకు,

భావనపాడు రోడ్డులోని జ్ఞానాంబ జీడి పరిశ్రమ కార్మికురాలు దేముడమ్మ కుమారుడు త్రినాథ్ (ఇంటర్, ఒక సబ్జెక్టు మిగిలియున్నది) వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: సదరు పరిశ్రమను కొన్న తూర్పుగాలి ఫుడ్స్ వారు నూట నలభై రెండు మంది ఆడవాళ్ల పాత సర్వీసును మాయం చేసినందున, దానికి మిగిలిన ఒకే ఒక సాక్ష్యమైన హాజరు పుస్తకాలను సోమవారం ఉదయం ఏడు గంటలకు లారీ ఎక్కించబోవుచున్నందున, తక్షణము ఆపించుట గురించి.

మనవి చేసుకొనునది ఏమనగా:

1. గత మార్చిలో తూర్పుగాలి వారు మా పాత షావుకారు అప్పలనరసింహం గారి నుంచి ఫ్యాక్టరీని ముప్పై ఎనిమిది కోట్లకు కొన్నారు. ఒక కంపెనీ ఇంకొక కంపెనీని కొంటే, అందులో ఉన్న ఒక్కొక్క ఆస్తికీ ఆ రోజు ధర కట్టి తన పుస్తకంలో రాసుకోవాలి. అప్పులు కూడా ఎత్తుకోవాలి. ఆస్తుల్లోంచి అప్పులు తీసేయగా మిగిలినదానికంటే ఎక్కువ ఇచ్చి కొంటే, ఆ ఎక్కువ సొమ్ముకి గుడ్‌విల్ అని పేరు. ఇది నేను కల్పించింది కాదు. బస్టాండు దగ్గర పాత పుస్తకాల బండి మీద కొన్న పుస్తకంలో ఉన్నది. ఆ పుస్తకం కొనడం ఆలస్యమైంది. ఎంత ఆలస్యమో కింద తెలియగలదు.

2. మార్చి తొమ్మిదిన వారి మేనేజరు హరిచరణ్ గారు కోత షెడ్డులో జాబితా చదివి వినిపించారు. స్థలం, షెడ్లు, బాయిలరు, మిషన్లు, సరుకు, జ్ఞానాంబ అనే పేరు, చివర గుడ్‌విల్ పదకొండు కోట్లు. నీలవేణి అను కార్మికురాలు లేచి, "గుడ్ విల్లంటే ఏటి బాబూ?" అని అడిగింది.

"మీరేనమ్మా! పిక్క కోస్తే పప్పు విరక్కుండా వస్తుంది కదా, ఆ చేతులకే ఈ పదకొండు కోట్లు" అని మేనేజరు గారు నవ్వారు.

అప్పుడు అక్కడే ఉన్న, ఊళ్లో కరపత్రాలవీ చదువుచుండు వ్యక్తి ఒకరు, "విల్లంటే వీలునామా. గుడ్ అంటే మంచిది. షావుకారు మీ పేరున మంచి వీలునామా రాసేసినారు" అని సదరు మాటకు అర్థం చెప్పెను.

3. "ఒలమ్మ, పదకొండు కోట్లే!" అని షెడ్డంతా చప్పట్లు. ఆ సంబరంలోనే మేనేజరు గారు ఇంగ్లీషు కాగితాలు పంచారు. వీలునామా సొమ్ముకి వేలిముద్ర కావాలి కాబోలునని వరసకట్టి మరీ వేశారు. ఆ కాగితంలో ఉన్నది: ఈ రోజు నుంచి కొత్తగా పనిలో చేరుతున్నాను, పాత సర్వీసుతో నాకు సంబంధం లేదు.

4. ఆ ఆదివారం అందరూ వ్యాను కట్టించుకొని అరసవల్లి వెళ్లి షావుకారు పేరున కొబ్బరికాయలు కొట్టి, ప్రసాదం తెచ్చి ఆయన చేతిలో పెట్టారు.

"ఒసే దేముడమ్మా, నానింకా బతికే ఉన్నాను గదే! విల్లేటి?"

"బతికుండగానే రాసినావనే గదా బాబూ మా సంబరం!" అంది మా అమ్మ.

ఆయన ప్రసాదం నోట్లో పెట్టుకోలేదు. "కూలోల్ల సంగతి కొన్నోలే సూసుకుంటారనుకున్నాను" అని తల దించుకున్నారు. కొన్నవారు చూసుకున్న విధము పై పేరాలో మనవి చేసియున్నాను.

5. నా పుస్తకంలో ఇంకొక మాట ఉంది. పనిచేసేవాళ్లను ఆస్తిగా విడిగా చూపకూడదట, గుడ్‌విల్‌లో కలిపేయాలట. సరే, కలిపారు. అయితే ఆ పదకొండు కోట్ల విలువ చేసింది ముప్పై ఏళ్ల పనితనమే కదా? కొనేనాడు ఆ ముప్పై ఏళ్లకీ ధర కట్టి, కొన్న మర్నాడు మీ సర్వీసు ఒక్క రోజే అంటే ఏ లెక్క అయ్యా ఇది? పని మానేనాడు ఇన్నేళ్లకీ లెక్కకట్టి ఇవ్వవలసిన గ్రాట్యుటీ అప్పు కాదా? ఆ అప్పు జాబితాలో లేదు. మా అమ్మకి వచ్చే జూన్‌లో యాభై ఎనిమిది నిండుతాయి, మాన్పించేస్తారు. ముప్పై ఒక్క ఏళ్లకి చేతిలో పెట్టేది సున్నా.

6. జీడిపిక్క రసం చర్మాన్ని తినేస్తుంది. ఎంత ఆముదం రాసుకున్నా వేళ్ల మీద గీతలుండవు. రేషన్ మిషన్ మా అమ్మ వేలిని ఒప్పుకోదు, కళ్లు చూపిస్తేనే బియ్యం. ప్రభుత్వం మిషన్ ఒప్పుకోని వేలిముద్రలు కంపెనీ కాగితం మీద నూట నలభై రెండూ ఎలా చెల్లాయో తామే విచారించవలెను.

7. వేలిముద్ర పడదు కనకనే హాజరు పుస్తకంలో ఒక్కొక్కరిదీ ఒక్కొక్క బొమ్మ. నీలవేణిది చేప. మా అమ్మది చేట. ముప్పై ఒక్క ఏళ్లుగా రోజుకొక చేట గీసింది. కంపెనీ జాబితాలో ఆ పుస్తకాల పేరు "చిత్తు కాగితాలు, విలువ లేదు". నిన్న వాచ్‌మన్ దాలయ్య మావ చెప్పాడు: "ఒరే త్రినాథూ, కట్టలు కట్టించీసినారు. సోమారం ఏడింటికి లారీ వస్తాది. నాను గేటు తియ్యకపోతే నా ఉజ్జోగం పోద్ది, తీస్తే మీయి పోతాయి. నువ్వే సెప్పు." నేనేం చెప్పను? అందుకే తమకు చెబుతున్నాను.

8. ఎనిమిదవది ఏమియు లేదు. ఉన్నదల్లా కింద తా.క.లో వ్రాసుకొనుచున్నాను.

కావున తాము ఈ సంగతి చిత్తగించవలెను. ఫైలులో కాదు, గేటు దగ్గరికి వచ్చి, ఆ పుస్తకాలు తెరిచి, చేటలు లెక్కపెట్టి చిత్తగించవలెను.

తమ విధేయుడు
(సోమవారం ఉదయం ఏడు గంటల వరకు)
త్రినాథ్

తా.క. రెండవ పేరాలో అర్థం చెప్పిన వ్యక్తిని నేనే. ఆ ఇంగ్లీషు కాగితం కూడా నా చేతికిచ్చి, చదవమన్నారు. సగం తెలిసింది, సగం తెలియలేదు. తెలియలేదని చెప్పడానికి సిగ్గేసి, "పర్లేదు, ఎయ్యండి" అన్నాను. మొదటి వేలు మా అమ్మదే. నిజం తెలిశాక ఆమె కాళ్ల మీద పడ్డాను. తిట్టలేదు. "నీకు తెల్దని నాకు తెల్దు గదరా నాయినా" అంది, అంతే. అయ్యా, ఆమె తిట్టి ఉంటే ఈ అర్జీ ఇంకా మర్యాదగా రాసేవాణ్ణి.

ఈ కాగితం నకలు ఫ్యాక్టరీ గేటుకి అంటించాను. అమ్మల్లారా, అప్పల్లారా, చెల్లెళ్లారా, ఈసారి నా మాట నమ్మి రావద్దు, మీరు గీసిన బొమ్మ కోసం రండి. లారీ ఏడింటికి. మనం ఆరింటికి. సోమవారం, గేటు ముందు.