నాగక్క అడవికి పోయింది, ఆ తర్వాత…

జూన్ 3, సోమవారం
ఖమ్మంలో అమ్మకాల శిక్షణ అయిపోయింది. మనిషి మెదడు ఎక్కువ పట్టుకోదట. ఒక్క సంగతే చెప్పాలి, చిన్నగా చెప్పాలి. మా దుమ్ముగూడెం మహిళా సంఘం ఇప్పపువ్వు లడ్డూల గురించి ఇన్నాళ్లూ నేను వాట్సాప్‌లో పంపినవి పురాణాలు! ఇక రోజుకొక్క మెసేజ్, ఒక్క వాక్యం. నెలాఖరుకు సరుకు కదలకపోతే కొట్లో మా లడ్డూల అరను సబ్బులకు ఇచ్చేస్తానన్నాడు భద్రాచలం కిరాణా చెంచురామయ్య. చూస్తాడుగా.

జూన్ 4
"ఇప్ప లడ్డు. అడవి తీపి." బాగుంది. సంఘం అధ్యక్షురాలు నాగక్కకు చూపించాను.
"గింతేనా? బెల్లం సంగతేది? నువ్వులు? లాలి పొద్దుందాక పొయ్యి కాడ కూసున్నది, దాని పేరేది?"
అన్నీ చేర్చాను. పేర్లుంటే బాగా గుర్తుంటుందని శిక్షణలో కూడా చెప్పినట్టే గుర్తు.

జూన్ 6
పదే పదే వింటే మనసులో నాటుకుంటుందట. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అదే పంపాను. గ్రూపులోంచి చాలామంది వెళ్లిపోయారు. మా ఆయన శ్రీధర్ కూడా.
"గ్రూపుల ఎందుకు? ఇంట్ల చెప్తనే ఉన్నవ్ గదా" అన్నాడు.

జూన్ 9
వాన. కరెంటు లేదు. మెసేజ్ లేదు. నిన్నా లేదు. మెదడుకు విశ్రాంతి కూడా అవసరమే.

జూన్ 10, ఉదయం
సగంలో ఆపిన కథను మనిషి మరచిపోలేడట. పంపాను: "మా నాగక్క అడవికి పోయింది. ఆ తర్వాత…" మిగతాది సాయంత్రం.

సాయంత్రం
సిగ్నల్ పోయింది, మిగతాది పంపలేదు. నాగక్క ఇంటి ముందు జనం. చర్ల నుంచి ఆమె చెల్లెలు ఆటోలో ఏడ్చుకుంటూ దిగింది. నాగక్క గడపలో కూర్చుని నువ్వులు చెరుగుతోంది.
"నన్ను పులి తిన్నదని రాసినవా?"
"రాయలేదక్కా. మిగిలింది రాయలేదు, అంతే."
పరామర్శకు వచ్చినవాళ్లకు చాయ్, లడ్డూలు. తట్ట ఖాళీ.

జూన్ 11
మెసేజ్‌లు బంద్. నాగక్క ఆజ్ఞ. నాకూ ముఖం చెల్లలేదు.

జూన్ 13
చెంచురామయ్య ఫోన్. "అడవికి పోయిన అక్క లడ్డు కావాల్నని వస్తున్నరు. మీ డబ్బాలన్నీ అయిపోయినయ్. జల్దీ పంపు."
పరుగున వెళ్లి నాగక్కకు చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టింది.
"సరే, రాయి" అంది. "గానీ, నేను ఇంటికొచ్చింది ముందుగాల రాయి."
రేపటి నుంచి మళ్లీ మొదలు.