నువ్వు కట్టిన తీగ

అన్నయ్యా,

నువ్వు రంగూన్ నుంచి తెచ్చి, విజయనగరం ఇంట్లో నీ చేత్తో బిగించిన కరెంటు పొయ్యి నిన్న ఆగిపోయింది. నువ్వు తిరిగి వెళ్లాక జపానువాళ్ల బాంబులు పడి రంగూన్ నుంచి నడిచొచ్చినవాళ్లలో నువ్వు లేవు. అప్పటినుంచి అమ్మ ఆ పొయ్యిని ఎవరినీ విప్పనివ్వలేదు. నేను విప్పుతానంటే, "ఒసే, ఆడు కట్టిన తీగ కదపకే" అంది.

నువ్వు నేర్పినట్టే ముందు అదే ప్లగ్గులో బల్లదీపం పెట్టి చూశాను. వెలిగింది. అంటే తప్పు పొయ్యిలోనే ఉంది. ఇవాళ అమ్మ పెరట్లోకి వెళ్లగానే ప్లగ్గు పీకేసి అడుగురేకు విప్పాను. నువ్వు మెలిపెట్టిన చోటే తీగ మాడి తెగిపోయింది. ఆ ముక్క కత్తిరించి కొత్త తీగ బిగించాను. ఇంట్లో నీ చేతిపని అదొక్కటే మిగిలింది, దాన్ని నేనే చెత్తలో పారేశాను.

పొయ్యి ఎర్రబడగానే అమ్మ పరుగున వచ్చింది.

"ఆడు కట్టిన తీగ అలాగే ఉన్నాదా?"

"అలాగే ఉంది, అమ్మా. మట్టి దులిపానంతే."

అమ్మ మొహం విప్పారింది. "సూసావా, నా కొడుకు కట్టు ఎంత గట్టిదో! ఆడూ అలాగే ఎక్కడో గట్టిగా ఉన్నాడే. వస్తాడు."

నేను అవునన్నాను, అన్నయ్యా.

నీ చెల్లి