పదిహేడుకీ నలభై ఒకటికీ ఒకటే పుస్తకం

జులై 3, 1978. సోమవారం.

బీజగణితం మొదటి క్లాసు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. ఈ సాయంత్రం కాలేజీ నడిచేది బడి గదుల్లో — బెంచీలు చిన్నపిల్లలవి, మోకాళ్లు పట్టవు. ఆడవాళ్లం ఇద్దరం. మిగతావాళ్లంతా డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్లే — సగంమంది కునికిపాట్లు. హాజరు నంబర్లతోనే. నాది నలభై ఒకటి.

లెక్చరరు నాకంటే చిన్నవాడు. "ఎక్స్ అనుకుందాం" అన్నాడు. అనుకున్నాను. బడి మానేసిన పద్దెనిమిదేళ్ల తర్వాత.

గది అద్దెకిచ్చిన ఇంటావిడ: "ఈ వయసులో లెక్కలేటమ్మా, ఎవులికి సెప్పడానికి?"

సూపర్వైజరు పోస్టుకి ఇంటరు కావాలని మా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చెప్పుకున్నాను. నిజమే. అసలు నిజం ఏమిటంటే, రెండింటికి డ్యూటీ దిగాక మిగిలిన రోజుని ఏం చేసుకోవాలో నాకు తెలియట్లేదు.

జులై 8, శనివారం.

వచ్చే వారం సాయంత్రం డ్యూటీ. వారం విడిచి వారం ఇంతే. క్లాసులు సగం పోతాయి. ఆఫీసు గదిలో అటెండరు నూకరాజుతో మొరపెట్టుకున్నాను.

"మీకే కాదమ్మా. పదిహేడో నంబరు బాబుకీ ఇదే బాద. పోర్టు వర్కుషాపు. మీరు లేని వారం ఆయనొత్తాడు, ఆయన లేని వారం మీరొత్తారు. ఇద్దరూ ఒకే పుస్తకంలో రాసుకోండి. నా బీరువాలో ఎడతాను."

ఎంత తేలికగా తేల్చాడు! కొత్త నోటుపుస్తకం కొన్నాను. అట్ట మీద 17, 41 అని రాశాను. పేరు రాయబుద్ధి కాలేదు. మగవాళ్లందరి మధ్య ఆ బీరువాలో నా పేరెందుకు?

జులై 17.

పుస్తకం వచ్చింది. వారం నోట్సు అంతా ఉంది. పేజీలకి నూనె మరకలు. పాఠం పుస్తకాల భాషలో రాశాడు, అంచున మాత్రం మాట్లాడినట్టే —

"నలభై ఒకటి బావా! నీ రాత బాగుంది. నాది కాకిగీతలు, సూసి నవ్వకు. మూడో లెక్క నాకు తెగలేదు. నీకు తెగితే కాస్త ఇడమరిసి రాయి."

బావా!

మగాడిననుకున్నాడు. అనుకోడా మరి. గదిలో ఒక్కదాన్నే పైకి నవ్వాను. ఆ నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

"నేను ఆడమనిషిని" అని రాద్దామని పెన్సిలు తీశాను. మూడో లెక్క విడమరిచి రాశాను. ఆ ముక్క మాత్రం వచ్చే వారం రాస్తాను.

జులై 22.

రెండో ఆవిడ మానేసింది. ఆడవాళ్ల బెంచీ మొత్తం నాదే. సంచీ పెట్టుకోవడానికి బోలెడు చోటు.

జులై 31.

"మూడో లెక్క బుర్రకెక్కీసింది బావా. మా మేష్టరు కన్నా నువ్వే నయం. ఏ డిపార్టుమెంటు నువ్వు? నాను ఫిట్టరు హెల్పర్ని. మాది పద్మనాభం. రోజూ బస్సులో వొచ్చి ఎల్తన్నాను. ఈ పరీచ్చ గట్టెక్కితే హెల్పరు పని వొదిలిపోద్ది."

జవాబు రాశాను: "వైర్ల దగ్గర పని." అబద్ధం కాదు. స్విచ్‌బోర్డు నిండా వైర్లే. నిజమూ కాదు, నాకు తెలుసు.

ఆగస్టు 3.

"మూడు నిమిషాలయింది, పొడిగించమంటారా?" — పొద్దున్నుంచి ఎన్నిసార్లు అన్నానో. ఊళ్లకీ ఊళ్లకీ, మొగుళ్లకీ పెళ్లాలకీ మాట కలిపాను. నాకు కలిసింది ఇంటావిడ ఒక్కతే. నీళ్లు బేగి పట్టుకోమంది, పంపు ఆగిపోతుందట.

అసమీకరణాలు మొదలయ్యాయి.

ఆగస్టు 14.

పుస్తకం తెరిచాను —

"బావా, టెస్టులో అసమీకరణం పోనాది. మైనస్ రెండు ఎక్స్ ఆరు కన్నా తక్కువ అన్నదానికి, ఎక్స్ మైనస్ మూడు కన్నా తక్కువని రాసేను. నువ్వలాగే రాసేవు కదా. మైనస్‌తో బాగారించినప్పుడు గురుతు తిరగబడాలట. మేష్టరు నలుగుర్లో నిలబెట్టీసేడు. నీ తప్పు కాదులే. నీ రాత సూసి కళ్లు మూసుకుని నమ్మీసేను."

తప్పు నాదే. తర్వాతి రోజే లెక్చరరు బోర్డు మీద సరిచేశాడు. నా బుర్రలో సరిచేసుకున్నాను, పుస్తకంలో దిద్దలేదు. ఎందుకు దిద్దలేదు? అంచున అతనికి కబుర్లు రాసే తొందర. వానలో బస్సు ఎలా ఆగిపోయిందో రాస్తున్నాను ఆ పూట.

నా కబుర్ల కోసం అతన్ని నలుగురిలో నిలబెట్టించాను. సిగ్గుగా ఉంది.

ఆగస్టు 15.

సెలవు. ఆ పేజీ చింపి, మొత్తం మళ్లీ రాశాను. క్షమించమని అడిగాను. ఎవరు క్షమించమంటున్నారో మాత్రం ఈసారీ చెప్పలేదు. ఇప్పుడు చెబితే, తప్పుడు లెక్కా ఆవిడదే, తప్పుడు మనిషీ ఆవిడే అనుకోడూ?

ఆగస్టు 28.

"బావా! నాను తండ్రినైపోనాను! ఆడగుంట పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారు. లడ్డూలు నూకరాజు కాడ ఎట్టేను. బారసాల పదో తారీకు, ఆదివారం. నువ్వు రాకపోతే ఊరుకోను. నీ గురించి మా ఇంటిదానికి అంతా సెప్పేను. నీకని ఏట మాంసం వొండుతాదట."

నూకరాజు కాగితం పొట్లం ఇచ్చాడు. రెండు లడ్డూలు. గదికొచ్చి ఒకటి తిన్నాను. మనసు చివుక్కుమంది. అతనికి పెళ్లాం ఉందని కాదు — అది నాకు అవసరం లేని సంగతి. నా గురించి ఒక ఇంట్లో మాట్లాడుకుంటున్నారు. అన్నం దగ్గర, మంచం దగ్గర. వాళ్లు మాట్లాడుకునే మనిషి నేను కాదు.

రెండోది ఇంటావిడకి ఇచ్చాను. "ఎవులమ్మా, సుట్టాలా?" అంది. అవునన్నాను.

సెప్టెంబరు 2.

రాశాను: "తప్పకుండా వస్తాను."

ఎందుకు రాశానో తెలియదు. శ్రేఢుల లెక్కలన్నీ రెండుసార్లు సరిచూశాను. ఒక్క తప్పు లేదు. పుస్తకం ఇచ్చేశాను, ఇంక కొట్టెయ్యడానికి లేదు.

సెప్టెంబరు 9.

చిన్న గౌను కొన్నాను. పసుపుపచ్చ, మెడ చుట్టూ లేసు. కొట్టువాడు "ఎన్నో నెల?" అన్నాడు. రేపటికి ఇరవై ఒకటో రోజన్నాను. గొప్పగా చెప్పాను.

రేపు ఎదురుగా నిలబడి చెప్పేస్తాను. నవ్వుతాడు. పెళ్లాన్ని పిలిచి చూపిస్తాడు, అందరం నవ్వుకుంటాం. అంతే కదా, ఇందులో నేరమేముంది?

సెప్టెంబరు 10, ఆదివారం.

వెళ్లాను.

ఆనందపురం దాటాక అంతా పచ్చగా వరి. బస్సులో మూడుసార్లు వల్లె వేసుకున్నాను — "నేనే నలభై ఒకటి." 

పద్మనాభంలో దిగాను. తెల్లచొక్కా, భుజం మీద ఎర్ర తువ్వాలు, పాతికేళ్లుంటాయేమో — దిగే ప్రతి మగాడి మొహంలోకీ చూస్తున్నాడు. నన్ను దాటి చూశాడు. బస్సు ఖాళీ అయ్యాక నా దగ్గరికే వచ్చాడు.

"అమ్మా, ఈ బస్సులో వైరుమేను ఒకాయన ఎక్కలేదా? టౌన్నుంచి?"

"ఎలా ఉంటారు?" అన్నాను. అదీ నా నోటికొచ్చింది!

"నాకూ తెల్దమ్మా," నవ్వాడు. "సూడలేదు ఎప్పుడూ. మంచి మనిషి. నాకు లెక్కలు నేర్పుతన్నాడు."

గోళ్లలో నల్లటి నూనె. పుస్తకం మీద చూసే మరకలు.

మాట నోట్లోనే ఉంది. "లేదండీ, ఎవరూ ఎక్కలేదు" అని బయటికొచ్చింది.

"మీరెవులింటికమ్మా?"

"కొండ మీద గుడికి."

దారి చూపించాడు. జాగ్రత్తమ్మా, మెట్లు పాచి పట్టీసున్నాయి అన్నాడు. గుడికని చెప్పాను కనక ఎక్కాలి కదా — ఎక్కాను. సగంలో కూర్చుండిపోయాను. కిందికి రోడ్డు కనపడుతుంది. ఇంకో బస్సు వచ్చింది. ఎర్ర తువ్వాలు లేచి నిలబడింది. బస్సు వెళ్లాక మళ్లీ కూర్చుంది. ఆ తర్వాత ఇంకొకటి.

నా కోసం ఎవరైనా అలా ఎదురుచూడటం నా జన్మలో ఇదే మొదటిసారి. చూస్తూ కూర్చున్నాను. కిందికి వెళ్లి ఆపించాల్సింది. ఆపించలేదు. చూడాలనిపించింది — ఇంత చెడ్డదాన్నని ఇప్పటిదాకా నాకు తెలియదు.

గౌను సంచీలోనే తిరిగొచ్చింది.

సెప్టెంబరు 11.

శనివారం రాసి పెట్టాడు, నేనిప్పుడు చదువుతున్నాను —

"రేపే బావా! పొద్దుట్నుంచీ బస్సు కాడే ఉంటాను. తెల్లచొక్కా, ఎర్ర తువ్వాలు. నిన్నెలాగ గురుతుపట్టాలో సెప్పలేదు నువ్వు. పరవాలేదు, సూడగానే తెలిసిపోద్ది."

సెప్టెంబరు 14.

ప్రస్తారాలు. అయిదుగురిని అయిదు కుర్చీల్లో నూట ఇరవై రకాలుగా కూర్చోబెట్టవచ్చట. లెక్చరరు బోర్డు మీద కుర్చీలు గీశాడు. నా బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చుని పుస్తకంలోకి ఎక్కించుకున్నాను.

మార్చిలో పబ్లిక్ పరీక్ష. అన్ని షిఫ్టులూ ఒకే హాల్లో. ఎలాగూ తెలుస్తుంది. అప్పుడు తెలియడం వేరు, నేను చెప్పడం వేరు. చెబితే ఈ అంచు కబుర్లు ఆగిపోతాయి. చెప్పకపోతే అతను రాని మనిషి కోసం ఇంకా బస్సులు చూస్తాడు.

సెప్టెంబరు 16, శనివారం.

రాశాను. అంచున కాదు, పేజీ మధ్యలో.

"పదిహేడుకి — నేను వైరుమేన్ని కాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. నా పేరు కమల. మీరు బావా అని రాసిన మొదటి రోజే చెప్పవలసింది. ఆ పిలుపు పోతుందని చెప్పలేదు. ఆదివారం వచ్చాను. మీరు నాకు గుడి దారి చూపించారు. పాపకి నా ఆశీస్సులు."

నూకరాజు బీరువాకి తాళం వేస్తుంటే, "ఒక్కసారి ఇలా ఇవ్వు, ఒక లెక్క సరిచూడాలి" అనబోయాను. అనలేదు.

సెప్టెంబరు 18.

సాయంత్రం డ్యూటీ. ఆరు గంటలకి అతను పుస్తకం తెరుస్తాడు. సరిగ్గా ఆరింటికి కలకత్తా కాల్‌ని కటక్‌కి కలిపాను. అవతలాయన తిట్టాడు. తిట్టనీ.

సెప్టెంబరు 21.

పుస్తకం ఈ వారమంతా అతని దగ్గరే. నాకేమీ తెలియదు.

సెప్టెంబరు 23.

ఇంటావిడ: "ఏటమ్మా, అన్నం అలాగే వొదిలీసినావు?"

ఆకలి లేదన్నాను. కూర్చుని ఏదైనా మాట్లాడమని అడగాలనిపించింది. గిన్నె తీసుకుని వెళ్లిపోయింది.

సెప్టెంబరు 25, సోమవారం.

డ్యూటీ దిగి నేరుగా కాలేజీకి. రెండున్నరకే. నూకరాజు ఇంకా రాలేదు. గేటు దగ్గర రెండు గంటలు నిలబడ్డాను.

వారం నోట్సు ఉంది. ద్విపద సిద్ధాంతం మొదలు. ఎప్పటికన్నా శుభ్రమైన రాత — నూనె మరకలు కూడా లేవు. చేతులు కడుక్కుని రాశాడు. అంచులన్నీ ఖాళీ. ఒక్కో పేజీ తిప్పుతూ ఖాళీ చూసుకుంటూ వెళ్లాను.

ఆఖరి పేజీ కింద —

"కమలగారికి నమస్కారమండి. ఆ ఆదివారం బస్సు కాడ నానడిగింది మిమ్మల్నే. మీ మొకం గురుతుంది. మా ఇంటిది ఆకేసి ఉంచింది, సాయంత్రందాకా తియ్యనివ్వలేదు. అంత దూరం ఒచ్చేరు. ఎదురుగా నిలబడ్డారు. అప్పుడైనా ఒక్క ముక్క సెప్పలేకపోయారా?"

ఎన్నిసార్లు చదివానో. కోపంగా అడిగాడా, నొచ్చుకుని అడిగాడా? ఫోనులో అయితే హలో అనగానే చెప్పేదాన్ని — పన్నెండేళ్లుగా గొంతులతోనే బతుకుతున్నాను. ఇది రాత. ఎటూ తేలట్లేదు.

క్లాసులో లెక్చరరు నలభై ఒకటి అని రెండుసార్లు పిలిచాడట.

సెప్టెంబరు 26.

పాఠం అంతా రాశాను, ఉదాహరణలతో సహా. తర్వాత అంచున పెన్సిలు పెట్టాను. "పదిహేడు గారికి" అని రాసి కొట్టేశాను. "పదిహేడుకి" అని రాసి ఉంచాను.

"చెప్పలేకపోయాను, ఎందుకంటే" దాకా వచ్చింది. అక్కడ ఆగింది. ఎందుకంటే మీరు ఎదురుచూస్తుంటే బాగుంది అని రాయాలి. అది ఎవరైనా ఎవరికైనా ఎలా రాస్తారు? పెళ్లాం ఉన్న మనిషికి, ఆకు తియ్యనివ్వని ఆవిడ చెవిన కూడా పడే రాతలో?

శనివారం ఎనిమిదింటికి నూకరాజుకి ఇచ్చెయ్యాలి.