పక్క సీట్లో బ్రేక్ మాస్టారు

ఫిబ్రవరి 2, సోమవారం

మా ఆయన మెడనొప్పికి డాక్టర్ మందు రాస్తాడనుకుంటే సెలవు రాశాడు. వచ్చే నెలలో ఒక వారం ఖాళీ చేసుకోవాలట. ఆ వారం కారు నడపకూడదు, నేర్పకూడదు, వీలైతే దాని గురించి మాట్లాడకూడదు. ఎక్కడికైనా వెళ్లి హాయిగా గడిపి రండి, లేదంటే ఈ బీపీకి ఆ వారం నా ఆస్పత్రిలోనే గడపాల్సి వస్తుంది అన్నాడు. హాయిగా అన్న మాట వినగానే ఈయన మొహం మాడిపోయింది. ఎవరైనా క్లచ్ తొక్కకుండా గేరు మార్చినప్పుడు పెట్టే మొహం అది.

పాపం, ఈయనకి డ్రైవింగ్ స్కూలే లోకం. నేర్పే కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చు ఉంటాయి. రోజంతా కూర్చునేది అక్కడే, తొక్కేది అవే. అసలు పేరు ఎవరికీ తెలీదు కానీ బ్రేక్ మాస్టారంటే చిన్నపిల్లలు కూడా మా ఇల్లు చూపిస్తారు. ఆ కాలు నిద్రలో కూడా ఊరుకోదు. మంచం చివరి చెక్క ఇప్పటికి రెండుసార్లు ఊడింది. నా పిక్కలు ఇంకా ఊడలేదు, అంతే.

నాకున్న కోరిక ఒక్కటే. ఈ మనిషి కాలు కదపకుండా నిద్రపోతుంటే చూడాలి. అది సముద్రం పక్కనైతే మరీ మంచిది.

ఫిబ్రవరి 4, బుధవారం

షాపులో జనం లేరు. కళ్లజోళ్ల షాపులో పవర్ చెక్ చేయడం నా ఉద్యోగం. ఇది బాగా కనిపిస్తోందా, ముందుదా అని రోజంతా అందర్నీ అడిగే దాన్ని, ఈ రోజు నన్ను నేనే అడుక్కున్నాను. తేలిందేమిటంటే, కోటల ఊళ్లో రెండు రోజులు, మహళ్ల ఊళ్లో రెండు రోజులు, చివరి మూడు రోజులు సముద్రం. సముద్రం దగ్గర ప్లాన్ ఏమీ ఉండదు. అదే ప్లాన్.

ఇంటికొచ్చి ఈయనకి చూపించాను. రెస్ట్ అంటే ఆషామాషీ వ్యవహారం కాదని, పద్ధతిగా తీసుకోకపోతే ఒంటికి పట్టదని చెప్పి పెన్ను అందుకున్నారు. తర్వాత చూస్తే సముద్రం మొదటి రోజు ఇలా తయారైంది: అలలు చూచుట. విశ్రాంతి. విశ్రాంతి ఎలా జరిగిందో సమీక్ష.

సమీక్షట! పైగా దాన్ని తీసుకెళ్లి ఫ్రిజ్ మీద అంటించాడు. కోపంలో అంటించాడు అని రాసేశాను. నా డైరీయే కదా, ఎవరు చూస్తారు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

రైలుకి ఒప్పుకోలేదు. నడిపేవాడు కళ్లకి కనపడకపోతే నిద్ర పట్టదట.

ఫిబ్రవరి 7, శనివారం

ట్రావెల్స్ అతన్ని అడిగాను. ముందు బస్ ప్యాకేజీ చూపించాడు. వారంలో పదకొండు ఊళ్లు. అందులో సముద్రాన్ని బస్సు కిటికీలోంచి చూసి దండం పెట్టుకోవడమే. వద్దన్నాను. పోనీ డ్రైవర్‌తో కారు ఇస్తానన్నాడు. ఎవరి పేరు మీద అంటే చెప్పాను. సాయంత్రానికల్లా ఫోన్. డ్రైవర్లు ఎవరూ దొరకడం లేదట.

ఇంత ఊళ్లో ఒక్కడు దొరకలేదా అని నిలదీస్తే, అసలు సంగతి బయటపెట్టాడు. వాళ్లంతా ఈయన దగ్గర నేర్చుకున్నవాళ్లేనట. ఒకడు ఆ వారం అత్తగారికి ఆపరేషన్ ఉందన్నాడు. ఇంకొకడు అత్తగారి దాకా వెళ్లకుండా నేరుగా భయం అనేశాడు. మూడోవాడు మాత్రం, మేడమ్ ఒక్కరే వస్తే డీజిల్ ఖర్చుకే తీసుకెళ్తా అన్నాడట.

ఈయనకి చెబితే బాధపడతారనుకున్నాను. మురిసిపోయారు. క్రమశిక్షణ అంటే అలా ఉండాలట.

ఫిబ్రవరి 9, సోమవారం

నేనే నడిపితే?

ఫిబ్రవరి 10, మంగళవారం

ఊరందరికీ డ్రైవింగ్ నేర్పిన మనిషి భార్యకి డ్రైవింగ్ రాదు. చెప్పుకుంటే సిగ్గుచేటు. పెళ్లయిన కొత్తలో నేర్పుతానని తీసుకెళ్లారు. మూడో సందు మలుపులో నేను ఇంజను ఆపి, తలుపు తీసుకుని దిగి, నడుచుకుంటూ ఇంటికొచ్చేశాను. ఆ తర్వాత రెండు నెలలు మాటల్లేవు. కూరలో ఉప్పు తగ్గిందని పక్కింటావిడతో చెప్పించేవారు.

అందుకే మధ్యాహ్నం రోడ్డు చివర ఉన్న ఇంకో డ్రైవింగ్ స్కూలుకి వెళ్లాను. దాని ఓనర్ ఒకప్పుడు ఈయన దగ్గర పనిచేసి, తర్వాత సొంత బోర్డు పెట్టుకున్నవాడు. ఈయన ఇప్పటికీ అతన్ని శిష్యుడనే అంటారు, కాకపోతే పళ్లు నూరుతూ. శిష్యుడు నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు. నేర్చుకోవడానికి వచ్చానంటే కూలబడ్డాడు. సార్‌కి తెలిస్తే తన బోర్డు పీకి తన నెత్తినే వేస్తారని వాపోయాడు. తెలియనివ్వనని మాటిచ్చాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

లెర్నర్స్ వచ్చేసింది. షాపు తెరిచేలోపు మొదటి క్లాసు. ఇంట్లో స్టాక్ చెకింగ్ అని చెప్పాను.

స్టీరింగ్ పట్టుకోవాలి కానీ దానికి వేలాడకూడదని శిష్యుడు అన్నాడు. అద్దాలున్నది తల దువ్వుకోవడానికి కాదన్నాడు. అన్నీ ఈయన మాటలే, ఈయన విసుగే, చివర్లో ఆ నిట్టూర్పుతో సహా. నా మొగుడు నన్ను వేరే వాళ్ల నోటితో తిడుతున్నట్టుంది. పరాయివాడు కాబట్టి ఎదురు చెప్పలేక నోరు మూసుకున్నాను. అందుకే కాబోలు కొంచెం వచ్చింది.

ఫిబ్రవరి 19, గురువారం

కొంప మునిగింది. లేదా మునగలేదు. ఏమీ అర్థం కావడం లేదు.

ఎప్పటిలాగే మొహానికి స్కార్ఫ్ చుట్టుకుని, షాపులో ఉన్న వాటిల్లోకెల్లా పెద్ద నల్లకళ్లద్దాలు పెట్టుకుని బయల్దేరాను. ఎత్తు మీద సిగ్నల్ పడింది. మా పక్కనే ఇంకో ఎల్ బోర్డు కారొచ్చి ఆగింది. అందులో పక్క సీట్లో ఈయన! శిష్యుడు సీట్లోంచి జారి డాష్‌బోర్డు కిందికి వెళ్లిపోయాడు. పచ్చ లైటు పడింది, నేను బ్రేకు మీంచి కాలు తీసేశాను, బండి వెనక్కి జారింది. కిందున్న శిష్యుడు చేత్తో బ్రేకు నొక్కి ఆపాడు. వెనక నుంచి హారన్లు.

ఈయన అద్దం దించి, మా కారు వైపు చూసి, హ్యాండ్‌బ్రేక్ అనేది ఒకటుందని ఆవిడకి చెప్పావా అని కిందున్న శిష్యుణ్ని అడిగి, వెళ్లిపోయారు.

సాయంత్రం భోజనాల దగ్గర అదే గోల. శిష్యుడి దగ్గర ఎవరో స్కార్ఫావిడ నేర్చుకుంటోందట. ఎత్తు మీద ఆగినప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేసుకోవాలి, క్లచ్ మెల్లగా వదలాలి, బండి ముక్కు కాస్త పైకి లేచినట్టు అనిపించాకే హ్యాండ్‌బ్రేక్ దించాలి, ఈ ముక్క ఆవిడకి ఎవరూ చెప్పలేదట. గరిటెని హ్యాండ్‌బ్రేక్ చేసి, అరచేతిని క్లచ్ చేసి చూపించారు. నేను మంచినీళ్లు పోస్తూ, నాకెందుకు ఇవన్నీ అన్నట్టు మొహం పెట్టి, ఒక్క అక్షరం పోకుండా విన్నాను.

ఫిబ్రవరి 20, శుక్రవారం

బండి జారలేదు. శిష్యుడు నోరెళ్లబెట్టాడు.

ఫిబ్రవరి 26, గురువారం

మళ్లీ స్కార్ఫావిడ. గ్రౌండులో ఆవిడ రివర్స్ చేస్తుంటే ఈయన దూరం నుంచి చూశారట. మెడ సగమే తిప్పుతోందట, సగం తిప్పితే సగం రోడ్డే కనిపిస్తుందట. ఆవిడకి తెలివి ఉంది, భయమే ఎక్కువ, శిష్యుడు కేకలేసి బెదరగొడుతున్నాడేమో, కేకలేస్తే ఎవరికైనా వచ్చేది కూడా రాదు అన్నారు. అన్నది ఈయన! నేను గరిటె కింద పెట్టేసి చూశాను.

నిజం రాయాలంటే నాకు ఆ స్కార్ఫావిడ మీద అసూయ వేసింది. నాతో ఎప్పుడైనా ఇంత ఓపిగ్గా మాట్లాడారా?

మార్చి 5, గురువారం

సముద్రం దగ్గర హోటల్ బుక్ చేశాను. సముద్రం కనిపించే రూమ్. ఈయన నాకు తెలియకుండా ఫోన్ చేసి పార్కింగ్ కనిపించే రూమ్‌కి మార్పించారు. నేను మళ్లీ మార్పించాను. ఈయన మళ్లీ. చివరికి హోటలమ్మాయి నీరసపడిపోయి, రెండూ కనిపించే మూల రూమ్ ఒకటుంది, దయచేసి ఇక ఫోన్ చేయకండి అంది.

కారు ఎవరు నడుపుతారని ఈయన ఒక్కసారి కూడా అడగలేదు. నేనూ ఎత్తలేదు. టెస్ట్ కాకముందే చెబితే శుభ్రంగా ఫెయిలవుతాను. ఫెయిలైతే ఈయన ఎలాగూ నేనే నడుపుతానంటారు, ఆ మెడతో, ఆ బీపీతో.

మార్చి 16, సోమవారం

పాస్! టెస్ట్ పెట్టిన ఇన్‌స్పెక్టర్ దిగుతూ, బ్రేక్ మాస్టారి దగ్గర నేర్చుకున్నారా అని అడిగాడు. కాదండీ, రోడ్డు చివరి స్కూల్లో అన్నాను. హ్యాండ్‌బ్రేక్ దించే తీరు చూసి అలా అనుకున్నాడట.

శిష్యుడు కళ్లు తుడుచుకున్నాడు. సంతోషమో, పీడ విరగడైందనో.

మార్చి 18, బుధవారం

నిన్నంతా ఒకటే గుబులు. ఉన్నది ఆ నేర్పే కారొక్కటే. నేను నడుపుతాను సరే, ఈయన కూర్చునేది పక్క సీట్లో. కాలి కింద బ్రేకు ఉన్నంతసేపు ఈయన మాస్టారే. ప్రతి మలుపులో తొక్కుతారు, నేను మూడో సందులో దిగినట్టే దిగిపోతాను. ఈసారి ఇంటికి నడిచొచ్చేంత దూరం కూడా కాదు.

అందుకని పొద్దున్నే మెకానిక్ దగ్గరికి వెళ్లి, పక్క సీటు పెడళ్లు పీకేయాలి, సార్‌కి చెప్పొద్దు అన్నాను. మెకానిక్ పగలబడి నవ్వాడు. నిన్న సారే వచ్చి పీకించుకుని వెళ్లారట, మేడమ్‌కి చెప్పొద్దన్నారట. ఎందుకు సార్ అంటే, మా ఆవిడ నడుపుతుంది, నేను ఊరికే కూర్చోవడం నేర్చుకోవాలి అన్నారట.

బెంచీ కింద పెడళ్లు పడి ఉన్నాయి. బ్రేకు రబ్బరు అరిగి అరిగి నున్నగా అయిపోయింది. అక్కడే నిలబడి ఏడ్చాను. మెకానిక్ కంగారుపడి స్టూలు తెచ్చి వేశాడు.

సిగ్నల్ దగ్గరే తెలిసిపోయి ఉంటుంది. రోజూ కాళ్లు చూసి మనుషుల్ని చదివే మనిషికి స్కార్ఫ్ ఒక అడ్డమా? ఆ గరిటె పాఠాలన్నీ నాకే. ఎదురుగా చెబితే నేను కారు దిగిపోతానని, ఆవిడెవరికో చెప్పినట్టు చెప్పారు. నా మీద నేనే అసూయపడ్డానన్న మాట. ఇంత తెలివితక్కువ మనిషిని ఎక్కడా చూడలేదు.

ఇంటికొచ్చి ఏమీ అడగలేదు. లైసెన్స్ తీసి బల్ల మీద పెట్టాను. ఈయన అటూ ఇటూ తిప్పి చూసి, ఫొటోలో కూడా భయపడుతున్నావేంటి అన్నారు. దాన్ని మాత్రం తిరిగి బల్ల మీద పెట్టలేదు.

మార్చి 21, శనివారం

కోటల ఊరు. వచ్చేశాం, నేనే నడిపాను!

కారు మీది బోర్డు ఊడలేదు, స్క్రూలు తుప్పు పట్టాయి. నేర్చుకుంటున్నారు, దూరంగా ఉండండి అన్న ఆ బోర్డుతోనే బయల్దేరాం. దారి పొడవునా లారీలు కూడా మర్యాదగా తప్పుకున్నాయి. ఈయన ఒక్క మాట అనలేదు. కింద మ్యాట్ మీద మాత్రం టప్ టప్ అని కాలు పడుతూనే ఉంది. ఆ చప్పుడుని బట్టి ఎక్కడ బ్రేకు వేయాలో నాకు తెలిసిపోయింది.

కోటలో గైడు, రాజుగారి ఏనుగులు ఎక్కిన బాట ఇదేనని చూపించాడు. ఈయన వంగి వాలు చూసి, హ్యాండ్‌బ్రేక్ పాఠానికి ఇంతకంటే మంచి చోటు ఉండదన్నారు. బయటికొస్తే కారు దగ్గర ఇద్దరు ఫీజు ఎంతని అడగడానికి నిలబడి ఉన్నారు.

మార్చి 23, సోమవారం

మహళ్ల ఊరు. ఇరుకు సందులో కారు సైడు అద్దం గోడకి గీసుకుపోయింది. ఈయన దిగి, గోడని చూసి, అద్దాన్ని చూసి, ఎన్ని వందల ఏళ్ల గోడైతే మాత్రం ఏంటి, రాంగ్ సైడ్‌లో ఉంది అన్నారు.

నేను అద్దం తుడిచి మళ్లీ బండి స్టార్ట్ చేశాను.

మార్చి 25, బుధవారం

సముద్రం దారిలో, శిష్యుడి స్టీరింగ్ పద్ధతిలో లోపం గురించి ఏదో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయారు. చప్పుడు లేదు. టప్ టప్ కూడా లేదు. చూస్తే నిద్ర. మెడ ఒక పక్కకి వాల్చి, నోరు కాస్త తెరిచి, చంటిపిల్లాడిలా. కాలు మ్యాట్ మీద కదలకుండా ఉంది.

ఎదురుగా నీలంగా కనిపించినప్పుడు లేపుదామనుకున్నాను. లేపలేదు. హోటల్ పార్కింగ్‌లో రెండు కార్ల మధ్యకి, మెడ పూర్తిగా తిప్పి, ఒక్క దెబ్బలో రివర్స్ చేశాను. జీవితంలో అంత బాగా ఇంకెప్పుడూ చేయలేనేమో. చూడాల్సిన మనిషి గురక పెడుతున్నారు.

ఇంజను ఆపి అలాగే కూర్చున్నాను. అద్దంలోంచి అలలు కనిపిస్తున్నాయి, పక్కన ఆ కాలు కనిపిస్తోంది. ఎక్కువసేపు కాలునే చూశాను. చాలా సంతోషంగా ఉంది.

మార్చి 26, గురువారం

లేచేసరికి ఈయన మంచం అంచున కూర్చుని పిక్కకి మందు రాసుకుంటున్నారు. రాత్రంతా నేను నిద్రలో బ్రేకు వేస్తూనే ఉన్నానట. సమీక్ష కూడా రాసేశారు: విశ్రాంతి బాగా జరిగింది, డ్రైవర్ కాలు ఒక్కటే ఇంకొంచెం మెల్లగా.