అత్త తుడిచేసిన రేఖాగణితం

తాండూరు, 1958 మార్చి, గురువారం రాత్రి

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. ఎల్లుండి మెట్రిక్ లెక్కల పరీక్ష. వారం నుంచి ముందుగది నాపరాళ్ల మీద సుద్దముక్కతో రేఖాగణితమంతా రాసుకున్నాను, ఒక్కో బండ మీద ఒక్కో సిద్ధాంతం. నడుస్తూ చదివితేనే నాకు బుర్రకెక్కుతుంది. ఈరోజు బడి నుంచి వచ్చేసరికి, కొడంగల్ నుంచి దిగిన మేనత్త తడిగుడ్డతో అన్నీ తుడిచేసింది!

"ఏందత్తా, గిట్ల చేసినవ్?" అన్నాను.

"ఆడపిల్ల పరీక్షకు ఇల్లంత గీకిపెడ్తరా బిడ్డా? జర ఇల్లు ఇల్లు లెక్క ఉండాలె" అంది. అమ్మ ఆ తడిగుడ్డ పిండి ఆరేసింది.

పోయినేడు అన్న ఇదే గదిలో ఇలాగే రాసుకుంటే, ఇదే అత్త రాతలు తొక్కకుండా గోడ పట్టుకుని అంచు వెంటే నడిచింది. "సదువును తొక్కితే పాపం తగుల్తది" అని మమ్మల్నీ అలాగే నడిపించింది. అయినా అన్న పరీక్ష తప్పాడు. ఆ మాట మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తరు.

నేను ఏడవలేదు. అత్త నిద్రపోయాక మళ్లీ సుద్దముక్క పట్టాను. ఒక్క సిద్ధాంతానికే పుస్తకం తెరవాల్సి వచ్చింది. మిగతావన్నీ చూడకుండానే రాశాను, అత్త పడుకున్న చాప చుట్టూ, నాలుగు వైపులా, సందు లేకుండా. పొద్దున లేచి ఎక్కడ కాలు పెడుతుందో చూస్తాను.