తాళం బొమ్మ

ఆదివారం, మధ్యాహ్నం
మూడో అంతస్తు వార్డు బయట, బెంచీ మీద

బావకి,

మరదలి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెడదామంటే పెన్ను కదలడం లేదు. అక్క బతికి ఉంది, ఆపరేషన్ అయింది, నన్ను గుర్తుపట్టింది. ముందు ఊపిరి తీసుకుని, తర్వాత మిగతాది చదువు.

ఫోన్ చేయొచ్చుగా అనుకుంటావేమో. ఓడ ఇంజిన్ గదిలో ఉన్నా, ఒడ్డున ఉన్నా నువ్వు ఫోన్లో "ఊ" తప్ప మరో మాట అనవు. ఆ ఊలకి ఇంత కథ చెప్పడం నా వల్ల కాదు. ఈ ఉత్తరం నీ ఓడ ఆగబోయే రేవుకి నీకంటే ముందే చేరుతుంది.

అక్క జబ్బు సంగతి నీకు రాయొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. మరో ఎనిమిది నెలల పనికి సంతకం పెట్టేసి, బ్యాగు సర్దుకున్నాక కదా తనకి చెప్పావు. ఆ రోజు నుంచి నీ ఊసెత్తితే లేచి పక్కగదిలోకి వెళ్లిపోయేది. రెండు నెలల కిందట ఒక పొద్దున పూల మార్కెట్టులో వేలం వేస్తూ, చేమంతి బుట్ట ఎత్తి పట్టుకుని బంతి, బంతి అని అరిచింది. కొనేవాళ్లు నవ్వారు. మర్నాడూ అదే. మూడో రోజు ఎవరూ నవ్వలేదు. మెదడులో ఎడమవైపు నిమ్మకాయంత గడ్డ ఉందన్నారు, సరిగ్గా మాటలు ఏరుకునే చోటు పక్కనే.

ఈ ఆసుపత్రిలో నా పని సంగతి విని, బొమ్మలు చూపించడానికి డిగ్రీ ఎందుకని మీ పెళ్లిలో నన్ను వెక్కిరించావు, గుర్తుందా? నువ్వు నోరు విప్పిన అరుదైన సందర్భాల్లో అదొకటి. ఎందుకో ఇప్పుడు చెబుతాను. దువ్వెన అందామనుకుంటే లోపల అద్దం, జడ, నూనె అన్నీ నేనంటే నేనని లేచి నిలబడతాయి. కన్ను మూసి తెరిచేలోగా మెదడు ఒక్కదాన్ని ముందుకు తోసి మిగతావాటిని కూర్చోబెట్టాలి. ఆ పని జరిగే చోటు మనిషి మనిషికీ కొంచెం తేడా. అందుకే ఆపరేషన్ జరుగుతుండగా పేషెంటుని మెలకువగా ఉంచుతారు. డాక్టరు మెదడు మీద ఒక్కో చోట చిన్న కరెంటు తాకిస్తారు, అదే క్షణంలో నేను బొమ్మ చూపిస్తాను. "ఇది" అని మొదలుపెట్టి పేరు చెప్పాలి. పేరు తప్పితే నేను "తప్పు" అంటాను. డాక్టరు అక్కడ అంకె వేసిన కాగితం ముక్క పెడతారు. ఇక ఆ చోట కత్తి పడదు.

ఇక్కడ ఈ పని చేసేది మేమిద్దరమే. రెండో ఆవిడకి జలుబు చేసి గొంతు పోయింది. పేషెంటు మా అక్క అని డాక్టరుకి చెబితే, నీ చేయి వణుకుతుందా అని అడిగారు. వణకదన్నాను. వణకలేదు కూడా.

ఆపరేషన్ ముందురోజు ఎనభై బొమ్మలూ ఒకసారి చూపించాను. అక్క గడగడా చెప్పేసింది. తాళం బొమ్మ దగ్గర మాత్రం ఆగి, మీ బావ ఫోటో ఇందులోకి ఎలా వచ్చిందే అంది. తర్వాత బుద్ధిగా "ఇది తాళం" అంది. నోరు తెరవని నీకు ఇంట్లో ఆ పేరే కదా. నీ గురించి తను మాట్లాడటం అన్ని నెలల్లో అదే మొదలు.

మంగళవారం నీలం గుడ్డ గుడారంలో తనూ నేనూ ఉన్నాం. గుడ్డకి అవతల డాక్టరు. తల కదలకుండా బిగించారు. తన పెదాలు ఎండిపోతుంటే తడి దూదితో అద్దుతున్నాను. దువ్వెనకి "ఇది అద్దం" అంది. తప్పు అన్నాను, కాగితం పెట్టారు. గొడుగు, కుర్చీ, చేప సరిగ్గా చెప్పింది. గంటన్నర బాగానే నడిచింది. తర్వాత గడ్డ కోస్తుండగా ఒకచోట "ఇది" అని ఆగిపోయింది. మళ్లీ "ఇది". నా వంక చూసింది బావా, ఆ చూపు నీకు రాయలేను. డాక్టరు చేయి వెనక్కి తీసేసుకున్నారు.

ఇప్పుడు మాట్లాడుతోంది, కానీ గుంతల రోడ్డు మీద బండిలా. దువ్వెన కావాలంటే "తలకి, పళ్లుంటాయే, అది" అంటుంది. నీ పేరు రావడం లేదు. మీ పెళ్లి ఫోటో చూపిస్తే నీ మొహం మీద వేలు పెట్టి, పెదాలు కదిపి, చేయి దించేసుకుంది. వాపు తగ్గడానికి ఆరువారాలు పడుతుందట, ఎంత వెనక్కి వస్తుందో అప్పుడుగానీ తెలియదట. తను మళ్లీ వేలం వేయగలదో లేదో కూడా అప్పుడే. ఎవరి తప్పూ లేదు. నువ్వు బెంగపెట్టుకోకు.

ఇట్లు,
నీ మరదలు

తా.క. ఎవరి తప్పూ లేదని రాశాను చూడు, అది అబద్ధం. కొట్టేయకుండా అలాగే ఉంచుతున్నాను. దువ్వెన తర్వాత, ఇంకో చోట కరెంటు తాకించి ఉండగానే, తాళం బొమ్మ వచ్చింది. అక్క "ఇది ఆయన" అంది. ముందురోజు హాస్యమే మళ్లీ ఆడుతోందనుకుని, మాస్కులోపల నవ్వుకుని, "కరెక్ట్" అన్నాను. అక్కడ కాగితం పడలేదు. మాటలు ఆగిపోయింది ఆ చోటే.

ఈ పొద్దున డాక్టరుకి చెప్పేశాను. ఆయన అరవలేదు. ఫైల్లో రాసుకుని, నీ చోట ముక్కూమొహం తెలియని మనిషి ఉంటే తప్పు అనేసేదమ్మా అన్నారు. బొమ్మల పెట్టె తాళంచెవి తిరిగి తీసుకున్నారు. తర్వాత అక్కకీ చెప్పాను. పిచ్చిమొహమా, నేను కావాలనే అన్నానే అంది. నిజమో, నా కోసం అందో తెలియదు. మంగళవారం తర్వాత ఎక్కడా తడబడకుండా తను అన్న మొదటి మాట అదే.

మంచం పక్క బీరువాకి వేలాడే తాళం చూపించి, ఇదేంటక్కా అని అడిగాను. చూసింది, చూసింది. పేరు రాలేదు. "రమ్మను" అంది.