ఇంజను చప్పుడు లేని దిగుడు

తమ్ముడూ యోహానూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడేళ్లు. నీ కూతురు రూతు తన కరెంటు కారులో నన్ను అరకు నుంచి ఘాట్ దింపింది. వాన, పొగమంచు. బయలుదేరే ముందు బ్యాటరీ నిండకుండానే ఛార్జింగు తీసేసింది. నిండుగా ఉంటే దిగుడులో బండిని పట్టి ఉంచే బలం తగ్గుతుందట.

మలుపుల్లో దాని కాలు బ్రేకు మీద లేదు. సీటు అంచు గట్టిగా పట్టుకున్నాను.

"బ్రేకు తొక్కవేటే గుంటా?"

"ఏక్సిలేటరు మీంచి కాలు తీత్తే సాలు అత్తా, బండే నెమ్మదిస్తాది. మనం దిగుతుంటే బ్యాటరీ ఎక్కుతాది. నాకు డ్రైవింగు నేర్పకుండా నువ్వు ప్రార్థన సేసుకో."

కారులో చప్పుడే లేదు. ఒకప్పుడు నేను నిన్ను అడిగింది అదే. నీ జీపు మోతలో ప్రార్థన సాగడం లేదు, దిగుడే కదా, ఇంజను కట్టెయ్యమన్నాను. నవ్వి కట్టేశావు. డీజిలు మిగులుతోందని తర్వాత అలవాటు చేసుకున్నావు. నువ్వు పోయిన ఆ వానరోజు ఒక్కడివే దిగుతూ కూడా కట్టేశావు. ఇంజను ఆగితే బ్రేకు పెడలు గట్టిపడి, ఎంత తొక్కినా బండి సరిగా ఆగదని నాకు ఆ తర్వాతే తెలిసింది.

ఆ అలవాటు నేర్పింది ఎవరో రూతుకు తెలియదు. తప్పంతా నాన్నదే అనుకుంటుంది. ఇవాళా చెప్పలేకపోయాను.

కొండ దిగాక, "ప్రార్థన అయిందా అత్తా?" అని అడిగింది.

అయిందన్నాను. దారి పొడవునా నాకు ప్రార్థనలో ఒక్క మాటా రాలేదు, తమ్ముడూ.

నీ పెద్దక్క